ట్రాయ్ మంటల నుంచి కార్తేజ్ చితి దాకా

ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజ్ 1856–58 మధ్య ‘లె త్రోయెన్’ అనే ఐదంకాల ఒపేరా రాశాడు. వర్జిల్ ‘ఈనీడ్’ కావ్యం దానికి ఆధారం. 1863లో పారిస్‌లో చివరి మూడంకాలే ఆడారు. ట్రాయ్ పతనం సాగే మొదటి రెండంకాలను వేదిక మీద చూడకుండానే 1869లో ఆయన కన్నుమూశాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా 1973లో తయారుచేసిన ప్రదర్శనను తన శతవార్షిక సీజన్ ప్రారంభానికి, 1983 సెప్టెంబరులో, మళ్ళీ వేదిక ఎక్కించింది. వాద్యబృందానికి జేమ్స్ లెవైన్ సారథి. కొద్ది రోజులకే బ్రయన్ లార్జ్ దాన్ని చిత్రీకరించాడు.

మన సినిమా పాటలో పెదవులు ఒకరివి, గొంతు మరొకరిది. ఒపేరాలో రెండూ ఒకరివే. పైగా దాదాపు 3,800 మంది కూర్చునే హాలులో, నిండు వాద్యబృందం మీదుగా, మైకు లేకుండా చివరి వరుసకు వినిపించాలి. అరిస్తే ఆ పని జరగదు. వాద్యబృందం ధ్వనిశక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టూ ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. తర్ఫీదు పొందిన గాయకుడు, ముఖ్యంగా పురుషుడు, స్వరపేటిక పైభాగాన్ని మలచుకుని 2,500–3,000 హెర్ట్జ్ దగ్గర శక్తిని పోగుచేస్తాడు. వాద్యాలు పలచబడిన ఆ చోటు నుంచి గొంతు బయటపడుతుంది.

ట్రాయ్ పతనాన్ని ముందే చెప్పినా ఎవరూ నమ్మని రాకుమారి కసాండ్రా, జెస్సీ నార్మన్‌కు మెట్రోపాలిటన్‌లో తొలి పాత్ర. గ్రీకులు వెళ్లిపోయారని సంబరపడే జనం పాటకు బెర్లియోజ్ తీగవాద్యాలు వాడలేదు, అంతా గాలివాద్యాలే. కసాండ్రా వచ్చాకే తీగలు మోగుతాయి. ఆ మార్పు బరువును నార్మన్ మొదటి మాటల్లోనే అందుకుంటుంది. పాత్ర చాలావరకు మధ్య, కింది స్థాయిల్లో నడుస్తుంది. అక్కడ గొంతు నొక్కితే గరగర, వదిలేస్తే మసక. ఆమె దవడ పూర్తిగా దించి, నోటిని నిలువుగా తెరిచి స్వరాన్ని నిండుగా నిలుపుతుంది. ఫ్రెంచి హల్లులు స్పష్టంగా పడతాయి. గ్రీకులు వదిలివెళ్లిన కొయ్యగుర్రాన్ని ట్రాయ్‌లోకి తెచ్చే ఊరేగింపును మాత్రం ప్రధానంగా వినాల్సిందే: తెర వెనుక బ్యాండ్లు దగ్గరవుతాయి, గుర్రం కడుపులో ఆయుధాలు మోగి పాట చటుక్కున ఆగుతుంది, జనం మేలుకుంటారని కసాండ్రాకు ఆశ పుడుతుంది, ఊరేగింపు మళ్ళీ కదులుతుంది.

ట్రాయ్ వీరుడు ఈనియస్‌గా ప్లాసిడో డొమింగోది ఇంకో రకం కష్టం. గొంతు వేడెక్కే వ్యవధి లేకుండా పరుగున వచ్చి, పూజారి లవొకూన్‌ను పాములు మింగిన వార్తను పై స్థాయిలో ఒక్క ఉరుకులో చెప్పాలి. ఆపైన ఐదో అంకంలో వీడ్కోలు పాట దాకా గొంతు దాచుకోవాలి.

నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది మాత్రం ఈనియస్‌ను ప్రేమించే కార్తేజ్ రాణి డైడోగా టట్యానా ట్రోయానోస్. నాలుగో అంకంలో అందరూ కలిసి పాడే రాత్రిపాట తర్వాత వేదిక మీద డైడో, ఈనియస్ ఇద్దరే మిగులుతారు. ఆరు కోమల చిహ్నాల శ్రుతిలో, ఊగే లయలో యుగళం మొదలవుతుంది. రెండు గొంతులు కొద్ది అంతరంతో పక్కపక్కనే కదులుతాయి, ఒకరు ఏమాత్రం పెద్దది చేసినా రెండోది మునిగిపోతుంది. మెల్లగా పాడడానికే ఊపిరి మీద గట్టి అదుపు కావాలి, గాలిని తక్కువగా, ఎడతెగకుండా వదలాలి. ట్రోయానోస్ పక్కటెముకలను విప్పి ఉంచి, పదబంధం చివరి అక్షరం దాకా స్వరాన్ని సన్నగా నిలబెడుతుంది. డొమింగో తన గొంతు తగ్గించి ఆమెకు చోటిస్తాడు. ఇంత బలమున్న టెనర్ అలా తగ్గడం చిన్న సంగతి కాదు.

ఐదో అంకంలో ఆ పొదుపంతా ఆమె ఖర్చుపెడుతుంది. ముందు తనను విడిచి వెళ్లే ఈనియస్ మీద కోపం, ఆ తర్వాత కార్తేజ్‌కు వీడ్కోలు. ఆ వీడ్కోలులో ఆఫ్రికా ఆకాశాన్ని తలచుకునే చోట బెర్లియోజ్ యుగళం స్వరాలను వెనక్కి తెచ్చాడు. ట్రోయానోస్ వాటిని ఏడుస్తూ పాడదు. అప్పటి నునుపుతోనే, బలం మాత్రం తగ్గించి పాడుతుంది. కన్నీళ్లకు గొంతు బిగిస్తే స్వరం తెగుతుంది, అందుకే దుఃఖాన్ని ముఖానికి అప్పగించి గొంతును విడిగా కాపాడుకుంది. ఈ చిత్రంలో ఇంతకు మించిన పనితనం నాకు కనిపించలేదు.

నాలుగు గంటలకు పైగా సాగే చిత్రం ఇది. తీరిక లేనివారు నాలుగో అంకం చివరి భాగం, ఐదో అంకంలో డైడో వీడ్కోలు, ఈ రెండూ ఒకే విడతలో, మంచి హెడ్‌ఫోన్లతో చూడండి.