పూర్వ విజ్ఞాత సమ్మతి: ఒక పీఠిక

రసాయన భద్రత విషయంలో ప్రపంచ దేశాలు పరస్పరం చేసుకొన్న ఒడంబడికల పుట్టుపూర్వోత్తరాలను, వాటికి ఆధారమైన విజ్ఞానాన్ని, అమలులో ఎదురయ్యే సాధకబాధకాలను సాకల్యంగా వివరించే ఈ గ్రంథం తెలుగులో వెలువడటం నాకు పరమ సంతోషం కలిగిస్తున్నది. గ్రంథకర్త్రి ఒకప్పుడు నావద్ద రసాయన శాస్త్రం అభ్యసించిన విద్యార్థిని కావడం ఆ సంతోషానికి ఒక కారణమే గాని ప్రధాన కారణం కాదు. పట్టా పుచ్చుకొన్న తరువాత ఆమె కర్మాగారాల తనిఖీ శాఖలో చేరి, బాయిలర్ల మధ్య, ఆమ్లపు తొట్ల పక్కన, ఘాటైన ఆవిరులు కమ్ముకొన్న గోదాముల్లో ఉద్యోగ జీవితం గడిపి, నల్లబల్ల మీద నేను సూత్రంగా మాత్రమే చూపగలిగిన పదార్థాన్ని దాని వాసనతో, దాని వేడితో, దానివల్ల చేతులు పొక్కిన మనిషితో సహా చూసి వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిన నాటినుండి శాస్త్ర విషయాలను తెలుగులో చెప్పే పరంపర ఒకటి, అవిచ్ఛిన్నంగా కాకపోయినా, అంతరించకుండా సాగివస్తున్నది. శాస్త్రమూ, శాసనమూ కలిసే చోటును గురించి ఆ పరంపరలో పుస్తకాలు బహు తక్కువ. ఆ లోటు ఇప్పుడు కొంత తీరుతున్నది.

ప్రథమ భాగం చదివేటప్పుడు సంవత్సరాల మీద దృష్టి నిలపవలసిందిగా పాఠకులకు నా విన్నపం. ఇటలీలో సెవెసో పట్టణం మీద డయాక్సిన్ మేఘం కమ్మింది 1976 జూలై 10న; ఆ పట్టణం పేరుతోనే ప్రసిద్ధమైన భద్రతా ఆదేశాన్ని ఐరోపా దేశాలు తెచ్చుకొన్నది 1982లో. భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వెలువడింది 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి. మన పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లోనూ, ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతుల నియమావళి 1989లోనూ వచ్చాయి. జపానులోని మినమాటాలో, సముద్రపు చేపల ద్వారా మిథైల్ పాదరసం మనుషుల నాడీమండలాన్ని ధ్వంసం చేసిన వ్యాధిని అధికారికంగా గుర్తించింది 1956లో; ఆ ఊరి పేరు పెట్టుకొన్న పాదరస ఒడంబడికను దేశాలు ఆమోదించింది 2013లో, అమలులోకి వచ్చింది 2017లో. ఒక్క రాత్రిలో చంపే విషానికి చట్టం కొంత త్వరగా వస్తుంది, ఏళ్ళ తరబడి లోలోపల కొరుక్కుతినే విషానికి అరవై ఏళ్ళు పడుతుంది అన్నది గ్రంథకర్త్రి ఈ తేదీలనుంచి తీసిన నిర్ణయం. దీనికి అపవాదం లేకపోలేదు. 1958లో కేరళలో, ఓడలో ఆహార సరుకుతోపాటు ప్రయాణించిన పారాథియాన్ గోధుమపిండిలోకి చేరి నూరుమందికి పైగా ప్రాణాలు తీయగా, జస్టిస్ జె.సి. షా విచారణ జరిపినా, మన క్రిమిసంహారకాల చట్టం రావడానికి 1968 దాకా ఆగవలసి వచ్చింది. అయినా నిర్ణయం స్థూలంగా సమంజసమేనని నా అభిప్రాయం.

ఎండ్రిన్ పేరు వినని తెలుగు ఇల్లు మా తరంలో ఉండేది కాదు. చేనికని తెచ్చిన డబ్బా వసారాలో ఒక మూల ఉండేది. ఇంట్లో మాటామాటా పెరిగిన రాత్రి పెద్దవాళ్ళు ముందుగా లేచి ఆ డబ్బా ఎక్కడున్నదో చూసుకొనేవారు. ఆనాటి కథల్లోనూ, సినిమాల్లోనూ బతుకు మీద విరక్తి పుట్టిన పాత్రల చేతికి అందేది అదే. ఆ ఎండ్రిన్ 2001 మే 22న స్టాక్‌హోంలో ఆమోదం పొందిన ఒడంబడికలోని తొలి పన్నెండు పదార్థాలలో ఒకటి. డీడీటీ, ఆల్డ్రిన్, డీల్డ్రిన్, పీసీబీలు, డయాక్సిన్లు దాని సహచరులు. ఇవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఎండకూ, వానకూ తేలికగా విచ్ఛిన్నం కావు. వెచ్చని నేలల్లో ఆవిరై లేచి, గాలితో పయనించి, చలిదేశాల్లో దిగి, చేపలో, చేపను తిన్న సీల్‌లో, సీల్‌ను తిన్న మనిషిలో మెట్టుమెట్టుకూ చిక్కబడతాయి. ఏ పురుగుమందూ చల్లని, ఏ కర్మాగారమూ లేని ఉత్తర కెనడాలో ఇనూయిట్ తల్లుల చనుబాలలో ఈ పదార్థాలు దక్షిణ కెనడా తల్లులకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించినప్పుడు శాస్త్రజ్ఞులే నిర్ఘాంతపోయారు. ఈ ఒడంబడిక కోసం నైరోబీలో చర్చలు జరుగుతున్న కాలంలో ఇనూయిట్ ప్రతినిధి షీలా వాట్-క్లూటియర్ తల్లీబిడ్డల చిన్న శిల్పం ఒకటి సమర్పించగా, చర్చలకు అధ్యక్షత వహించిన జాన్ బుచీని దానిని తరువాతి సమావేశాలలో తన బల్ల మీద పెట్టుకొని సభ నడిపిన వృత్తాంతాన్ని గ్రంథకర్త్రి ఒక పుటలో చెప్పి ముందుకు సాగింది. ఆడంబరంగా చెప్పడానికి అవకాశమున్న చోట సంయమనం చూపడం ఆమె రచనకు సహజ గుణం. మన పల్నాటి వసారాలో మూల కూర్చున్న డబ్బాకూ, ఆ మంచుదేశపు తల్లికీ ఒకే ఒడంబడికలో చోటు దొరకడమే అంతర్జాతీయ సహకారమంటే ఏమిటో చెప్పగలదు; ఆ సంగతిని ఆమె సిద్ధాంతంగా కాక, అణువుల ప్రయాణంగా చూపించింది.

రోటర్‌డామ్ ఒడంబడికను గురించిన అధ్యాయం ఈ గ్రంథానికి హృదయస్థానం. తన గడ్డ మీద నిషేధించిన పదార్థాన్ని ఆ సంగతి చెప్పకుండానే పొరుగు గడ్డ మీద అమ్ముకొనే వ్యాపారం ఒకప్పుడు నిరాఘాటంగా సాగింది. దానిని సరిదిద్దడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో ఒక ప్రవర్తనా నియమావళిని, పర్యావరణ కార్యక్రమం 1987లో లండన్ మార్గదర్శకాలను రూపొందించాయి. 1989లో ఆ రెండింటిలోనూ పూర్వ విజ్ఞాత సమ్మతి అనే సూత్రం చేరింది. పుచ్చుకొనేవాడు తాను పుచ్చుకొంటున్నదేమిటో ముందుగా తెలుసుకొని, ఆపైన సరేననాలి లేదా వద్దనాలి. ఇచ్ఛాపూర్వకంగా మొదలైన ఈ పద్ధతి 1998 సెప్టెంబరు 10న ఒడంబడికగా ఆమోదం పొంది, 2004 ఫిబ్రవరి 24న అమలులోకి వచ్చింది. దాని నడక చూడండి. ప్రపంచాన్ని ఏడు ప్రాంతాలుగా విభజించారు. రెండు వేర్వేరు ప్రాంతాలనుంచి కనీసం ఒక్కొక్క దేశం ఒక పదార్థాన్ని ఆరోగ్య, పర్యావరణ కారణాలతో నిషేధించినట్లు గాని, తీవ్రంగా నియంత్రించినట్లు గాని తెలియజేస్తే, నిపుణుల సమీక్షా సంఘం ఆ ఆధారాలను పరిశీలిస్తుంది. సబబుగా ఉంటే నిర్ణయానికి తోడ్పడే మార్గదర్శక పత్రాన్ని సిద్ధం చేస్తుంది. సభ్యదేశాల మహాసభ ఏకాభిప్రాయంతో మూడవ అనుబంధంలో చేరుస్తుంది. పత్రం పంపిన తొమ్మిది నెలల్లోగా ప్రతి దేశమూ దిగుమతికి తన జవాబు చెప్పాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. దిగుమతి వద్దన్న దేశం ఆ పదార్థాన్ని ఏ దేశంనుంచీ తెచ్చుకోకూడదు, సొంత వాడకానికి తానూ తయారుచేసుకోకూడదు. అంటే ఆరోగ్యం పేరు చెప్పి స్వదేశీ వ్యాపారిని కాపాడుకొనే దారి మూసివేశారు. అనుబంధంలో చేరడమంటే నిషేధం కాదని గ్రంథకర్త్రి పదేపదే గుర్తుచేయడం అవసరమే. మన పత్రికలు ఈ రెండింటినీ కలిపేయడం నిత్యం చూస్తున్నదే.

ఈ అధ్యాయంలోనే ఆమెతో నాకు అభిప్రాయభేదం ఉన్నది. క్రిసోటైల్ అనే తెల్ల రాతినారను (ఆస్బెస్టాస్‌ను) అనుబంధంలో చేర్చాలని సమీక్షా సంఘం సిఫారసు చేయగా, 2006 నుంచి మహాసభ తరువాత మహాసభ జరిగినా, కొద్ది దేశాల అభ్యంతరంతో ఆ సిఫారసు అక్కడే నిలిచిపోయింది. ఆయా సందర్భాలలో అభ్యంతరం తెలిపిన దేశాలలో మనదీ ఒకటి. ఏకాభిప్రాయం కుదరని పదార్థాలకు వేరొక అనుబంధం కల్పించాలన్న ప్రతిపాదన 2023లో వచ్చి నెగ్గలేదు. సర్వసమ్మతి నియమం చిన్న దేశాలకు రక్షణ కవచమని, దానిని సడలిస్తే పెద్ద దేశాలు తమ ఇష్టాన్ని రుద్దుతాయని ఆమె వాదం. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని ఇక్కడ కోరుతున్నది నిషేధం కాదు, కేవలం సమాచారం. సమాచారమివ్వడానికే ఒకరిద్దరు అడ్డుపడగలిగితే ఆ కవచం ఎవరిని కాపాడుతున్నట్లు? మన పల్లెల్లో ఆ నార కలిసిన సిమెంటు రేకు కప్పని వీధి అరుదు. రేకు కొలతకు ఎక్కువైతే మేస్త్రీ దానిని ఇంటి ముందే నేల మీద పరచి, తువ్వాలు ముక్కుకు చుట్టుకొని రంపంతో కోస్తాడు. తెల్లటి పొడి లేస్తుంది. పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు. ఆ పొడిలోని నార ఊపిరితిత్తులలో తెచ్చే క్యాన్సరు బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు పట్టవచ్చు. నెమ్మదిగా చంపే విషాన్ని గురించి ప్రథమ భాగంలో అంత స్పష్టంగా చెప్పిన రచయిత్రి ఇక్కడ మెత్తబడటం నాకు రుచించలేదు. ఈ మాట ఆమెతో ముఖాముఖి అన్నాను; ఆమె తన వాక్యం మార్చలేదు. గురువు మాటకు జంకని ఆ స్థైర్యాన్ని నేను గౌరవిస్తాను.

ఇక పేరు రాని శ్రమ ఒకటున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం మూడూ కలిసి 1980లో ప్రారంభించిన రసాయన భద్రతా కార్యక్రమం కింద, వివిధ దేశాల నిపుణులు ఒక బల్ల చుట్టూ చేరి, ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క పత్రం చొప్పున, మంట అంటుకొంటే ఏం చేయాలి, కంట్లో పడితే ఏం చేయాలి, ఒలికితే ఏం చేయాలి అని మాటమాటా తూచి రాసిన భద్రతా పత్రాలు నేడు పదిహేను వందలు దాటాయి. ఒక దేశపు ప్రయోగశాలలో సక్రమంగా జరిగిన పరీక్షను మరొక దేశం అంగీకరించే ఏర్పాటు 1981లో ఓఈసీడీ దేశాలతో మొదలై, 2011లో మన దేశానికి పూర్తిగా వర్తించింది. ఒకే పరీక్ష కోసం రెండు దేశాలలో ఎలుకలను బలిపెట్టే అవస్థ ఆ మేరకు తప్పింది. రియో మహాసభ 1992లో కోరిన రసాయనాల సమన్విత వర్గీకరణ 2003లో పుస్తక రూపం ధరించి, ఎర్ర అంచు చతురస్రంలో తొమ్మిది చిహ్నాలను ప్రపంచానికంతటికీ ఇచ్చింది. రసాయనాల నిర్వహణకై దేశాలు ఆమోదించిన 2006 దుబాయ్ వ్యూహాన్ని, 2023 బాన్ చట్రాన్ని గ్రంథకర్త్రి క్లుప్తంగానే ముగించింది. తీర్మానాల భాష ఎక్కడైనా ఒక్కటే గనుక అందులో తప్పుపట్టవలసింది లేదు.

గ్రంథానికి అనుబంధంగా చేర్చిన హెచ్చరిక చీటీల అధ్యాయాన్ని మాత్రం నేను రెండుసార్లు చదివాను. మన దేశపు పురుగుమందు డబ్బా మీద, కోణం మీద నిలబెట్టిన చతురస్రం ఒకటుంటుంది. దాని కింది సగం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఏదో ఒక రంగు. తీవ్రత ఆ వరుసలోనే తగ్గుతుంది. పత్తిరైతు మోనో అని పిలిచే మోనోక్రోటోఫాస్ డబ్బా మీద ఉండేది ఎరుపు, పై సగంలో కపాలం. డబ్బాతో వచ్చే కరపత్రంలో తెలుగూ ఉంటుంది. కాని ఎన్నో మడతలు విప్పి, కంటికి ఆనించుకొని చూస్తే తప్ప అందని అక్షరాలలో ఉంటుంది. గ్రంథకర్త్రి అటువంటి కరపత్రాలను సేకరించి, ఒక్కొక్క హెచ్చరికను రైతుకు తెలిసిన మాటల్లో తిరిగి రాసి పక్కపక్కన అచ్చువేయించింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం మీద స్టైరీన్ ఆవిరి కమ్మినప్పుడు, అది గాలికంటె మూడు రెట్లకు పైగా బరువని, నేలను అంటిపెట్టుకొని పల్లానికి జారుతుందని, చల్లగా ఉంచి నిరోధకం కలపకపోతే తనంతట తానే వేడెక్కి గడ్డకట్టనారంభిస్తుందని అంతర్జాతీయ భద్రతా సాహిత్యంలో ఏనాడో ఉన్నది. కర్మాగారపు ప్రహరీకి ఇవతల నిద్రిస్తున్నవారికి అది చేరలేదు. పన్నెండుమంది మరణించారు. ఆ ఉదంతాన్ని ఆమె ఆగ్రహంతో కాక, ఏ పత్రం ఎక్కడ ఆగిపోయిందో చూపుతూ, తనిఖీ అధికారి నివేదిక రాసినట్లు రాసింది. అందువల్లనే అది చదవడం కష్టం.

ఈ సంపుటంలో చోటులేక విడిచిన విషయం ఒకటున్నది. పటాన్‌చెరు సమీపంలోని ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి, శుద్ధి అయిన తరువాత బయటికి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే ప్రతిజీవకం లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. పర్యావరణంలో నిలిచిపోయే ఔషధాలను రసాయనాల నిర్వహణపై అంతర్జాతీయ మహాసభ 2015లో జెనీవాలో తన ప్రత్యేక పరిశీలనాంశాలలో చేర్చుకొన్నది. ప్రపంచానికి మందులు పంపే మన నేల మీదనే జరిగిన ఈ కథకు సంబంధించిన సామగ్రి గ్రంథకర్త్రి వద్ద పెట్టెలకొద్దీ ఉన్నదని నాకు తెలుసు. ద్వితీయ సంపుటం దాని మీదనే రాస్తానని మాట ఇచ్చింది. ఆయురారోగ్యాలతో ఆమె ఆ పని పూర్తిచేయాలని ఆశీర్వదిస్తూ, ఇప్పటికే ఆలస్యమైనదని ఈ పీఠికాముఖంగా కూడా తొందరపెడుతున్నాను.