సరిహద్దుకోట : శబ్దార్థవిచారము

పాచికలు వైచి మాటలతోఁ గథ నడపు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడ అమెరికాదేశమున 1974వ సంవత్సరమునఁ బ్రకటితమైనది. ఆటగాండ్రు వీరుల పాత్రములు ధరింతురు. ఒకఁడు కథకుఁడై వారి పనులకు ఫలము నిర్ణయించును. అట్టి కథకునికై స్థలములను, జనులను, ధనమును ముందే కూర్చి యిచ్చు గ్రంథములు పిమ్మట వెలువడినవి. వానిలోఁ దొలితరమునకుఁ జెందినది గ్యారీ గైగాక్స్ రచించిన 'ది కీప్ ఆన్ ది బార్డర్‌లాండ్స్'. ఇది 1979లో నచ్చయినది. దీనిని 'సరిహద్దుకోట' యని వ్యవహరింతము.

ఇందు ప్రధానస్థలములు రెండు: మనుష్యులుండు కోట, దానికి దూరముగా నొక యిఱుకులోయలోని గుహలు. గుహలలో గాబ్లిన్, ఓర్క్, కోబోల్డ్ మున్నగు జాతులు వేర్వేఱుగా వసించును. వీరులు గుహలఁ జొచ్చి, పోరి, ధనము గొని రావలెను. కథకు ముగింపు లేదు. పాణినీయులు స్వతంత్రుని కర్త యందురు. ఇచ్చటఁ గర్తృస్థానము శూన్యము. ఆటగాఁడే దానిని బూరించును. అధ్యాహారముచేఁ బూర్ణమగు వాక్యమువంటి దీ రచన. ఇది దీని గుణము.

ఇఁక దోషము. పతంజలి శబ్దములను జాతి, గుణ, క్రియా, యదృచ్ఛాభేదమున నాలుగు తెఱఁగులుగాఁ జెప్పెను. ఇం దాయదృచ్ఛాశబ్దము, అనఁగా వ్యక్తినామము, కోటవారికే లేదు: దుర్గాధికారి యధికారియే, కమ్మరి కమ్మరియే. ఐనను వారికి వృత్తినామములు గలవు. గుహలలో నాయకుఁడు, కావలివాఁడు మొదలగు కొన్ని మాటలు తప్పఁ దక్కినది జాతియు సంఖ్యయు. స్త్రీలును శిశువులును ఆ సంఖ్యలోనివారే.

గుహాభాషలో నెన్నఁదగిన మాట 'బ్రీయార్క్'. గాబ్లినుల భాషలో దీని కర్థము 'లొంగితిమి' యని కోటలోని వదంతి. గుహాప్రకరణమునఁ జూడఁగా నది సాయమునకుఁ బిలుచు కేక. వదంతి నమ్మినవాఁడు కత్తి దించును. అంతలో సొమ్ము పుచ్చుకొన్న ఓగర్ అను రాక్షసుఁడు మీఁదఁ బడును. శబ్దశక్తిని వృద్ధవ్యవహారమువలన గ్రహింపవలెనని మన శాస్త్రము. పలుకువాని నడుగక ప్రక్కవాని నడిగినచో నర్థము తలక్రిందగును. గ్రంథమునం దీకల్పన యుత్తమము; కాని గ్రంథకర్త దీనిని ఉచ్చుగానే వాడెను.

ఈ దోషము పరదేశీయులకే పరిమితము గాదు. అరకులోయ చుట్టునుండు తూర్పుకనుమలవారిని మనమును జిరకాలము 'కొండవాండ్రు' అను నొక్కమాటతోఁ జెప్పి తృప్తినొందితిమి. అచ్చట బగతలు, కొండదొరలు, గదబలు, పోర్జలు, కోందులు వేర్వేఱు జనులు. గదబలలోఁ గొందఱు పలుకు గుతోబ్ ముండాభాష. కోందుల కువి ద్రావిడభాష. ఈ కనుమల కుత్తరమునఁ బర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తిగారు సవరలవలననే సవరభాష నేర్చి, 1931లో దానిపై నాంగ్లమున గ్రంథము ప్రకటించిరి. వ్యావహారికవాదమున వారితో నేకీభవింపనివారును ఈ మార్గమును మెచ్చక తీఱదు.

ఈ యాటను బాలురచే నాడింపఁదలఁచు నుపాధ్యాయులు గుహల నమరికను మార్ప నక్కఱలేదు. గాబ్లిన్ నాయకున కొక పేరు పెట్టి, 'బ్రీయార్క్' అర్థమును వానినోటనే చెప్పింపవలెను. అప్పుడు బాలుఁడు కత్తి దూయుటకు ముందు ప్రశ్న యడుగ నేర్చును. పేరు పెట్టు స్వేచ్ఛను గ్రంథకర్త మనకే విడిచినాఁడు.