సాతాను అనే మాట ఎవరిది?

ఇలవేల్పు కొలుపు అయిన మర్నాడు నాలుగో తరగతి పాప ఒకతి నన్ను అడిగింది: "సార్, మా పడిగె మీద ఉన్నది సాతానంట, నిజమేనా?" తోటి పిల్లలెవరో అన్నారట. "కాదమ్మా" అన్నాను. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా కాదనడం టీచరు చెప్పే జవాబు కాదు. అందుకే బైబిలునే తెరిచాను.

సాతాను హీబ్రూ మాట. మొదట అది ఎవరి పేరూ కాదు. ఎదురు నిలిచేవాడు, నేరం మోపేవాడు అని అర్థం. సంఖ్యాకాండం 22వ అధ్యాయంలో గాడిద మీద పోతున్న బిలాముకు దేవుని దూత దారికి అడ్డంగా నిలుస్తాడు. అక్కడ ఆ దూతకు వాడిన హీబ్రూ మాట ఇదే. సమూయేలు మొదటి గ్రంథం 29వ అధ్యాయంలో, దావీదు యుద్ధంలో తమకే ఎదురు తిరుగుతాడేమోనని ఫిలిష్తీయుల సర్దారులు అనుమానిస్తారు. అక్కడా ఇదే మాట. దేవుని దూతకూ దావీదుకూ వాడిన మాట పుట్టుకతోనే చెడ్డదని ఎలా అంటాం?

యోబు గ్రంథంలో ఈ మాట ఒక ఉద్యోగం లాంటిది. హీబ్రూలో దాని ముందు 'ఆ' అనే గుర్తు ఉంది. మనుషుల పేర్ల ముందు ఆ గుర్తు రాదు. దేవుని కొలువుకు వచ్చి, యోబు భక్తి నిజమైనదేనా అని శంకించేవాడు అతను. దేవుడు ఒప్పుకున్నంత మేరకే చేస్తాడు.

మన తెలుగు బైబిలు బిలాము కథలో 'విరోధి' అంది, యోబు కథలో 'అపవాది' అంది, జెకర్యా 3వ అధ్యాయంలో 'సాతాను' అని ఉంచి పక్కన 'ఫిర్యాది' అని చేర్చింది. విరోధి, అపవాది అని చదివితే చేసే పని తెలుస్తుంది. సాతాను అని చదివితే ఒకడి పేరే వినిపిస్తుంది. ఈ మూడూ ఒకే మాట అని తెలుగు చదువరికి తెలిసే దారి లేదు. ఆ అనువాదంలో నాకు కనిపించిన లోపం ఇదే.

మాట పేరుగా మారడం కూడా బైబిలులోనే కనిపిస్తుంది. దావీదు జనాన్ని లెక్కపెట్టించడానికి కారణం దేవుని కోపం అని సమూయేలు రెండో గ్రంథం 24వ అధ్యాయం చెబుతుంది. అదే కథను తర్వాతి కాలంలో రాసిన దినవృత్తాంతముల మొదటి గ్రంథం 21వ అధ్యాయం సాతాను ప్రేరేపించాడంటుంది. ఇక్కడ 'ఆ' గుర్తు లేదు. హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి మార్చినవాళ్లు దీన్ని 'దియాబొలోస్' అన్నారు. నిందలు వేసేవాడు అని అర్థం. ఇంగ్లీషు 'డెవిల్' అందులోంచే వచ్చింది. ఆదికాండంలోని పాముకు అక్కడ సాతాను అనే పేరు లేదు. ఆ రెంటినీ కలిపింది చివరి పుస్తకం ప్రకటన.

దయ్యం కథా ఇంతే. గ్రీకులో 'దైమోన్' అంటే కంటికి కనపడని శక్తి, మంచిదైనా కావచ్చు. మన దయ్యం 'దైవం' నుంచి వచ్చిన మాట. పాత తెలుగు కావ్యాల్లో దయ్యం అంటే దేవుడే. ఇప్పుడు ఆ మాటతో పిల్లల్ని భయపెడుతున్నాం.

చర్చినే తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మన వేల్పులను క్షుద్రదేవతలన్న గుడి పెద్దలూ ఉన్నారు. మనవాళ్లలో యేసును నమ్మినవాళ్లు ఉన్నారు, వాళ్లూ మన బంధువులే. వాళ్లను నేను అడిగేది ఒకటే. మీ పుస్తకం ప్రకారమే అపవాది అంటే ఎదుటివాడి మీద నింద మోపేవాడు. తాతల పేర్లు, గోత్రాల కథలు మోసే పడిగెను పట్టుకుని సాతాను అన్నప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నట్టు?

ఆ పాపను మళ్లీ పిలిచి, సాతాను అంటే నిందలు వేసేవాడని చెప్పాను. "మీ పడిగె ఎవరినైనా నిందించిందా?" అన్నాను. కాసేపు ఆలోచించింది. "లేదు సార్, మా తాతల పేర్లే చెప్పింది" అంది.