ముందు చెక్క, ఆ తర్వాతే ఇంజను

సెకండ్ హ్యాండ్ బోటు కొనడానికి వచ్చినవారు సాధారణంగా ముందు ఇంజను స్టార్ట్ చేయమంటారు. చప్పుడు నికరంగా ఉండి, పొగ పలచగా వస్తే బేరం సగం కుదిరినట్టే. పడవల పని తెలిసిన వడ్రంగి దారి వేరు. చిన్న సుత్తి, మొనదేలిన దబ్బనం చేతపట్టుకుని నేరుగా బోటు అడుగుకు దూరతాడు. ఇంజను పాడైతే మరొకటి బిగించుకోవచ్చు. అడుగు పుచ్చిపోతే బిగించడానికి బోటే మిగలదు. కాకినాడ దగ్గర తాళ్లరేవు, కోరంగి ప్రాంతాల్లో తరతరాలుగా సాగుతున్న కొయ్యపడవల పనికి ఈ వరసే ఆధారం: ముందు చెక్క, తర్వాత ఇంజను, చివర రంగు. కొత్త కొయ్యబోట్లు కట్టించుకునేవారు తగ్గిపోతున్న ఈ రోజుల్లో ఆ విద్య పాత బోట్ల మరమ్మతు మీదే బతుకుతోంది.

గోదావరి సముద్రంలో కలిసే ఈ చోటికి మరమ్మతు పని కొత్త కాదు. కోరంగి ఒకప్పుడు తూర్పు తీరంలో పేరుమోసిన ఓడరేవు. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఆయన అక్కడ ఓడలు బాగుచేయడానికి డాక్ కట్టించాడు. బ్రిటిష్ నౌకాదళం ఓడలకు కూడా అక్కడ పనులు జరిగేవి. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన తుపాన్లు కోరంగిని కుదిపేశాయి. నది తెచ్చిన ఇసుక మేటవేసి రేవును పూడ్చేసింది. ఓడల రాకపోకలు కాకినాడకు మళ్లాయి, పనివాళ్ల చేతి విద్య మాత్రం ఆ ఊళ్లను వదల్లేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల మీద సరుకు పడవలు, ప్రయాణికుల పడవలు తిరగడం మొదలయ్యాక ఆ విద్యకు డెల్టా అంతటా గిరాకీ పెరిగింది. భారతీయ పడవల మీద 1920లో పెద్ద అధ్యయనం ప్రచురించిన జేమ్స్ హార్నెల్ గోదావరి డెల్టాలోని బూటు ఆకారపు దోనెలను ప్రత్యేకంగా గుర్తించాడు.

పడవకు ఇంజను తోడైంది ఆ తర్వాత. 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పంపిన పడవల నిపుణులు మన తీరాలకు తగ్గ మోటారు బోట్ల నమూనాలు గీశారు. విశాఖ తీరంలో పాబ్లో, రొయ్య, సొర, సోనా అన్న పేర్లతో చిన్నా పెద్దా ట్రాలర్లు వచ్చాయి. ఆ నమూనాలను కొయ్యలోకి దించింది మాత్రం కాగితం మీద గీతలు లేకుండానే, కంటి కొలతతో పడవలు కట్టగల స్థానిక వడ్రంగులే.

తెలుగువాళ్లకు గోదావరి పడవ మీద మమకారం పెంచింది సినిమా. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో అక్కినేని నాగేశ్వరరావుది పడవ నడిపేవాడి పాత్ర. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’లో ఆయనే హీరో. ఆ కథ చాలాభాగం గోదావరి మీద భద్రాచలం వెళ్లే లాంచీలోనే నడుస్తుంది. 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ కూడా అదే నీటి దారి పట్టింది. అక్కినేని బంజారా హిల్స్‌లో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుకొని ఫిల్మ్ నగర్ వరకు ఎన్నో సెట్లు లేచాయి, పడిపోయాయి. సెట్ కోసం కట్టే పడవకు కెమెరా చూసే వైపు బాగుంటే సరిపోతుంది. నీటిలో తిరిగే పడవకు ఎవరూ చూడని వైపే ముఖ్యం. మరమ్మతు విద్య అంతా ఆ వైపు గురించే.

పని బోటును ఒడ్డుకు చేర్చడంతో మొదలవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం పోటు ఎక్కువగా ఉంటుంది. ఆ నీటి ఎత్తు చూసుకుని బోటును మెరక మీదికి తెచ్చి తాళ్లతో కడితే, నీరు తీశాక అది దుంగల మీద కూర్చుంటుంది. వెంటనే అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకేయాలి. ఎండితే అవి రాయిలా బిగుసుకుపోతాయి. ఆ పొర మందంగా ఉన్నంతకాలం బోటు వేగం తగ్గి, డీజిల్ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది.

తర్వాత చెక్కను చదవాలి. సుత్తితో తడుతూ పోతే గట్టి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చిన చోట శబ్దం మొద్దుబారుతుంది. అనుమానం ఉన్న చోట దబ్బనం గుచ్చుతారు. అది మెత్తగా దిగిపోతే ఆ పలక పనికిరాదు. ఉప్పునీరే చెక్కను తినేస్తుందని చాలామంది అనుకుంటారు, నిజానికి కుళ్లు తెచ్చేది ఎక్కువగా మంచినీరు. డెక్ సందుల్లోంచి కారి, గాలి ఆడని మూలల్లో నిలిచిన వాననీటిలో బూజు పెరిగి కొయ్యను లోపలినుంచి గుల్ల చేస్తుంది. అందుకే ఇంజను కింది దూలాలు, డెక్ అంచులు, రెండు పలకలు కలిసే చోట్లు ముందు వెతుకుతారు. ఉప్పునీటి ప్రమాదం మరో రకం. కొయ్యను తొలిచే పురుగు ఒకటి అందులో ఉంటుంది. చూడటానికి పురుగే గానీ నిజానికి అది ఆల్చిప్పల జాతి జీవి. పైన గుండుసూది మొనంత రంధ్రం చేసుకుని లోపల సొరంగాలు తవ్వుతుంది. మంచినీటిలో అది బతకలేదు. సముద్రంలో తిరిగే పడవను కొన్నాళ్లు నదిలోకి తెచ్చి ఉంచడం వెనుక ఉన్న కారణం ఇదే.

మేకుల చుట్టూ నల్లటి మరక కనిపిస్తే తుప్పు పని మొదలుపెట్టిందని అర్థం. ఇనుము తుప్పుపట్టే కొద్దీ చుట్టూ ఉన్న కొయ్య కూడా మెత్తబడి, మేకు పట్టు వదిలేస్తుంది. అదే రంధ్రంలో మళ్లీ మేకు కొట్టడం వృథా. పాత రంధ్రాన్ని కొయ్య బిరడాతో మూసి, పక్కన కొత్తగా బర్మాతో తొలిచి, జింకు పూత వేసిన మేకు దించాలి. మేకు చుట్టూ నూనెలో తడిపిన నూలు చుట్టి కొడితే అక్కడినుంచి నీరు ఊరదు.

పలక మార్చడం ఈ పనిలో అసలు పరీక్ష. పుచ్చిన ముక్కను అడ్డంగా కోసి కొత్త ముక్కను ఆనిస్తే ఆ అతుకు నిలవదు. రెండు చివరలను ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. ఆ వాలు పలక మందానికి కనీసం 8 రెట్లు పొడవుండాలి. పక్కపక్క పలకల అతుకులు ఒకే వరసలో రాకూడదు, వస్తే బోటు అక్కడే బలహీనపడుతుంది. కొత్త పలక వంపు తిరగడానికి తడిపి, నిప్పు సెగ చూపిస్తూ నెమ్మదిగా లాగుతారు. లోపలి వంపు కర్రలకు మాత్రం వంచిన కొయ్య కంటే పుట్టుకతో వంపున్న కొమ్మే మేలు. నార వంపు వెంటే సాగుతుంది కాబట్టి విరగదు. నల్లతుమ్మ ఈ పనికి పేరు తెచ్చుకుంది అందుకే. పలకలకు టేకు, అడుగు దూలానికి మద్ది లాంటి గట్టి కలప వాడతారు.

పలకల మధ్య సందుల్లో పేనిన నూలును మొండి ఉలితో పొరలు పొరలుగా కూరతారు. దెబ్బ తక్కువైతే నూలు జారిపోతుంది, ఎక్కువైతే పలకే పక్కకు నెట్టుకుపోతుంది. ఎంత బలంగా కొట్టాలో సుత్తి శబ్దమే చెబుతుంది. దాని మీద నూనెలో కాచిన గుగ్గిలం పూస్తారు. ఒడ్డున ఎండిన బోటు నీటిలో దిగిన మొదటి రోజు కొద్దిగా కారడం సహజమే. కొయ్య నీరు తాగి ఉబ్బాక సందులు వాటంతట అవే బిగుస్తాయి. ఇది తెలియనివారు కారుతున్న సందులో ఇంకా నూలు కూరుతారు. అప్పుడు చెక్క ఉబ్బేసరికి చోటు చాలక మేకులే ఊడివస్తాయి. మరమ్మతు జరుగుతున్నన్నాళ్లు బోటును ఎండకు వదలకుండా పందిరి కింద ఉంచడం కూడా ఇందులో భాగమే.

ఇక ఇంజను. లారీకి వాడిన డీజిల్ ఇంజన్లను బోటుకు తగ్గట్టు మార్చుకోవడం మన తీరంలో ఉన్నదే. అయితే లారీ ఇంజనును ఎదురుగాలి చల్లబరుస్తుంది, బోటులో ఆ పని నీటిదే. ఉప్పునీటిని నేరుగా ఇంజనులోకి పంపితే లోపలంతా తినేస్తుంది. ఇంజనులో మంచినీరే తిరుగుతూ, ఆ వేడిని మాత్రం బయటి నీరు లాక్కుపోయే ఏర్పాటు కావాలి. గేర్‌బాక్సు ప్రొపెల్లర్ వేగాన్ని సగానికో, మూడో వంతుకో దించాలి. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే బరువు బోటు సులువుగా కదులుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం. అలాంటి ఇంజనును విప్పి చూడకుండా కొనకూడదు.

ఇంజనుకూ ప్రొపెల్లర్ షాఫ్టుకూ మధ్య వరస కుదర్చడం ఓపికతో చేయాల్సిన పని. మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉన్నా అదురు పుట్టి బేరింగులు అరుగుతాయి. ఒడ్డున కుదిరిన వరస నీటిలో కుదరదు, ఎందుకంటే తేలినప్పుడు బోటు ఒళ్లు కొద్దిగా సర్దుకుంటుంది. అందుకని బోటు దించాక ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ కొలిచి బిగిస్తారు. షాఫ్టు బయటికి వెళ్లే చోట గ్రీజు పట్టించిన తాడు చుట్లు ఉంటాయి. షాఫ్టు తిరుగుతున్నప్పుడు అక్కడ చుక్క చుక్కగా నీరు పడాలి, ఆ తడే దాన్ని చల్లగా ఉంచుతుంది. చుక్క కూడా రాకుండా బిగిస్తే షాఫ్టు కాలి గాడి పడుతుంది.

పాత కొయ్యబోటుకు పైన ఫైబర్ పూత వేయిస్తే చాలని ఇప్పుడు చాలామంది సలహా ఇస్తారు. పొడిగా, గట్టిగా ఉన్న కొయ్య మీద ఆ పూత పనిచేస్తుంది. తడి ఆరని చెక్క మీద వేస్తే తేమ లోపలే చిక్కుకుని కుళ్లు కంటికి కనపడకుండా పెరుగుతుంది. సుత్తితో తట్టి తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది. తాళ్లరేవు పద్ధతిలో ప్రతి అతుకూ తెరిచి చూడగలిగేదే, మళ్లీ బాగుచేయగలిగేదే. ఈ విద్యలోని గొప్పతనం అదే.

మరమ్మతు బాగా జరిగినంత మాత్రాన మనుషులను ఎక్కించుకునే హక్కు రాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో గాలించి అక్టోబరు 22న ఆ బోటును బయటికి తీసింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం సర్వే, రిజిస్ట్రేషన్, ప్రాణరక్షణ సామగ్రి గురించి నియమాలు పెట్టింది. వడ్రంగి సుత్తి దెబ్బ, సర్వేయరు సంతకం, రెండూ ఉన్నాకే బోటు కదలాలి.

ఈ విద్యకు పుస్తకం లేదు, పటం లేదు. తండ్రి దగ్గర కొడుకు, మేస్త్రీ దగ్గర కుర్రాడు చూసి నేర్చుకున్నదే. ఒక పాత లాంచీ ఒడ్డెక్కిన ప్రతిసారీ దాని పలకల కొలతలు, వంపులు, అతుకులు నమోదు చేస్తే ఏ బోటు ఎలా కట్టారో తెలిసే పటాలు తయారవుతాయి. నూలు ఎంత బిగువుగా కూరారో, ఏ శబ్దానికి ఆపారో రాతలో పట్టలేం, మంచి కెమెరా, మైకు పట్టగలవు. కాకినాడలోని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు ఈ నమోదు పనిలోకి రావచ్చు. వారికి నేర్పిన మేస్త్రీలకు గురువులకిచ్చినట్టే వేతనం ఇవ్వాలి. వంపు తుమ్మ, మద్ది లాంటి కలప మరమ్మతులకు సకాలంలో దొరికే ఏర్పాటు ఉండాలి. కొత్త బోటు కొనలేని జాలరికి, నాలుగు గదుల లాంచీ నడుపుకునే సరంగుకు ఈ పనివాళ్ల అవసరం రేపూ ఉంటుంది.