చీరల మడతల్లో పవర్ బ్యాంకు

పెట్టె సర్దడమూ ఒక విద్యే. మా రాజోలి మగ్గాల ఇళ్లలో అది ఆడవాళ్ల విద్య. జరీ అంచు నలక్కుండా గద్వాల చీర మడవడం నాకు ఈ జన్మకు రాదు. అయినా ఎవరింట్లో పిల్లలు విమానం ఎక్కుతున్నా నన్ను పిలుస్తారు, తూకం చూడ్డానికి, ఏది పెట్టొచ్చో ఏది పెట్టకూడదో అడగడానికి. ఆమధ్య అమెరికా వెళ్లే అమ్మాయి సూట్‌కేసులో వాళ్లమ్మ పవర్ బ్యాంకును చీరల మధ్యకు దోపింది, దెబ్బ తగలదని. తీసి చేతిసంచిలో వేయమన్నాను.

"దాంతో ఏమైతది సారూ? ఫోన్ బంద్ చేయకుంటే కదా విమానానికి తిప్పలు!"

ఆ భయం నిన్నటిది కాదు. 1960ల మొదట్లోనే అమెరికాలో విమానంలో ఎఫ్ఎం రేడియో పెట్టొద్దన్నారు. కారణం లేకపోలేదు. స్టేషన్ పట్టుకోవడానికి రేడియో తన లోపలే ఒక తరంగం పుట్టిస్తుంది, మామూలుగా స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ పైన. 98 మీద పెడితే అది 108.7. విమానానికి దారి చూపే సంకేతాలు 108 నుంచే మొదలవుతాయి మరి! సెల్‌ఫోన్ సంగతి వేరు. 1991లో దాన్ని గాల్లో వాడొద్దన్నది అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ. పైన ఎగిరే ఫోన్ కింద ఎన్నో టవర్లకు ఒకేసారి అంది నెట్‌వర్క్‌ను గందరగోళం చేస్తుందని. చివరికి 2013లో అమెరికా, 2014లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే ప్రయాణమంతా వాడుకోవచ్చన్నాయి.

ఇప్పుడు భయపడాల్సింది బ్యాటరీకి. లిథియం సెల్ లోపల షార్టయితే ఆ వేడికి పక్క సెల్ అంటుకుంటుంది, దాంతో ఇంకొకటి. సామాను గదిలో చల్లే హాలాన్ వాయువు మంటను అణుస్తుంది గానీ సెల్ వేడిని దించలేదు. గాల్లో ఉండగా అక్కడికి ఎవరూ పోలేరు కూడా. క్యాబిన్‌లో అయితే పొగ కంటపడుతుంది, నీళ్లు పోసే మనిషి ఉంటారు. 2016 సెప్టెంబరులో సింగపూర్ నుంచి చెన్నై వస్తున్న ఇండిగో విమానంలో సీట్ల పైనున్న సామాన్ల అరలోంచి పొగ వచ్చింది. ఒక శాంసంగ్ నోట్ 2. సిబ్బంది దాన్ని తీసి నీళ్లలో ముంచారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఇంకా నేల మీదే ఉన్న ఎయిర్ బుసాన్ విమానం తగలబడింది. మంట పై అర దగ్గర మొదలైంది, అనుమానం పవర్ బ్యాంకు మీదికి పోయింది. ఆ మార్చి నుంచి పై అరల్లో వాటిని పెట్టడం అక్కడ నిషేధం.

పవర్ బ్యాంకు కొనేటప్పుడు దాని వెనకున్న చీమల్లాంటి అక్షరాలు ఎవరూ చదవరు. అక్కడున్న ఎంఏహెచ్ అంకెను 1000తో భాగించి 3.7తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000ది అయితే 74. వంద దాకా ఎవర్నీ అడగక్కర్లేదు, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి, ఆపైన కుదరదు. అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఇంట్లోనే వదిలేయండి, తనిఖీ దగ్గర వాదన ఎందుకు.

ఇంకొకటి. కూర్చున్నాక ఫోన్ సీటు సందులోకి జారిందనుకోండి, సీటును వెనక్కీ ముందుకీ జరిపి వెతకొద్దు. నలిగితే అంటుకోవచ్చు. సిబ్బందిని పిలవండి, తీసిపెడతారు.