ఎస్ట్రిన్–బెర్లినర్: పోస్టుకార్డుల మీద ఒక చదరంగం

పోస్టు చదరంగంలో ఎత్తును కార్డు మీద అంకెల్లో రాసి పంపుతారు, ఏ దేశంవారికైనా అర్థం కావాలని. 5254 అంటే ఐదో నిలువు వరుసలో రెండో గడిలోని బంటు నాలుగో గడికి వెళ్లిందన్నమాట. ఆలోచించడానికి రోజుల వ్యవధి ఉంటుంది, పుస్తకాలు తిరగేయవచ్చు. ఆ తీరికతో ఎంత పని చేయవచ్చో ఐదో ప్రపంచ పోస్టు చదరంగ పోటీలో (1965–68) మాస్కోకు చెందిన యాకోవ్ ఎస్ట్రిన్ మీద అమెరికన్ హాన్స్ బెర్లినర్ గెలిచిన ఆట చూపిస్తుంది.

ఓపెనింగ్ టూ నైట్స్ డిఫెన్స్. దాని మీద పుస్తకం రాసిన ఎస్ట్రిన్‌వే తెల్లపావులు. ఆయన గుర్రం జి5 చేరి, సి4 శకటుతో కలిసి ఎఫ్7 బంటు మీద గురిపెట్టింది. బెర్లినర్ డి5, బి5 గడులకు బంట్లు నెట్టి ఎదురుదాడి మొదలెట్టారు. శకటు తన సొంత గడి ఎఫ్1కే వెనుదిరిగింది. జి2 బంటును కాయడానికి అదే మంచి చోటు.

పదో ఎత్తుకు నల్ల గుర్రం, నల్ల శకటు రెండూ తెల్ల బంట్ల నోట్లో ఉన్నాయి. బెర్లినర్ రెండింటినీ వదిలేసి ఈ5 బంటును ఒక్క గడి ముందుకు జరిపారు. అది జరగడంతో డి6 నుంచి జి3 దాకా ఐమూల దారి తెరుచుకుంది. జి3లోని తెల్ల గుర్రం కదలలేదు, కదిలితే హెచ్4లోని నల్ల మంత్రి నేరుగా రాజుకు చెక్ పెడుతుంది. హెచ్2 బంటు పక్కకు తప్పుకుంటే వెనకున్న ఏనుగు పోతుంది. ఎస్ట్రిన్ గుర్రాన్ని తీసుకున్నారు. రెండో శకటు తాపీగా డి6కు వచ్చింది.

పన్నెండో ఎత్తులో చెక్ తగిలి నల్లరాజు డి8కు జరిగాడు, కోట కట్టుకునే హక్కు పోయింది. అయినా బెర్లినర్ తొందరపడలేదు. ఏనుగును బి8కు, అక్కడి నుంచి బి6కు తెచ్చారు. ఆరో అడ్డవరుస మీదుగా హెచ్6 చేరితే తెల్లరాజుకు గండమే.

ఇరవై ఎనిమిదో ఎత్తుకు మంత్రులు పోయాయి. చెరొక ఏనుగు, నల్లవారికి ఒక్క బంటు ఎక్కువ. ఆ బంటును దాచుకోకుండా బెర్లినర్ ఎఫ్7 బంటును కూడా వదిలి ఏనుగుల మార్పిడికి పిలిచారు. మార్పిడి జరిగితే ఎక్కడో హెచ్ వరుసలో ఒంటరిగా ఉన్న నల్ల బంటును ఆపడానికి తెల్లరాజు అటు పరుగెత్తాలి, ఈలోగా ఇటు బంట్లు పోతాయి. అందుకే ఎస్ట్రిన్ ఏనుగు వెనక్కి తగ్గింది. కోట లేని నల్లరాజు ఈ5, డి4, డి3 గడుల మీదుగా సి2 దాకా నడిచాడు. నలభై రెండో ఎత్తులో ఆ రాజు పక్కనే బి3లో బంటు నిలవగానే ఎస్ట్రిన్ ఓటమి ఒప్పుకున్నారు.