వదులు తెలిసిన పనితనం

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ పొగను చిమ్నీకి చేర్చే ఇనుప డక్టులో మనిషి నిలబడి నడవొచ్చు. అంత ఇనుమూ వేడికి సాగుతుంది. 30 డిగ్రీల నుంచి 150 డిగ్రీలకు చేరేసరికి 20 మీటర్ల డక్టు దాదాపు 29 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే సపోర్టులు వంగిపోతాయి, వెల్డింగులు విచ్చుకుంటాయి. అందుకే మధ్యలో సందు విడిచి, చుట్టూ గుడ్డ పట్టీ బిగిస్తారు. ప్లాంటులో అది బెలోస్. పైన టెఫ్లాన్ పూసిన గాజునార బట్ట, కింద వేడిని ఆపే ఉన్ని పరుపు, పొగ ఒరిపిడి తగలకుండా లోపలివైపు ఇనుప రేకు.

పొగను చిమ్నీ వైపు లాగే ఐడీ ఫ్యానుకు ముందున్న బెలోస్ చిరిగితే పొగ బయటికి రాదు. బయటి గాలే ఈలవేస్తూ లోపలికి దూరుతుంది. ఫ్యాను మోటారు ఆంపియర్లు పెరుగుతాయి. చల్లగాలి సోకినచోట పొగలోని ఆమ్లం చెమ్మై దిగి ఇనుమును తింటుంది.

మంచి ఫిట్టరు ముందు చిరుగును చదువుతాడు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ చదువే. గుండ్రటి కాలిన చుక్కలుంటే, పైన ఎవరో వెల్డింగు చేస్తూ గుడ్డను కప్పలేదన్నమాట. బట్ట పెళుసెక్కి ఉంటే, డక్టుకు వేడి పోకుండా చుట్టే లాగింగును బెలోస్ మీద కూడా కప్పేశారేమో చూస్తాడు. బయటి పొర గాలికి చల్లబడితేనే బతుకుతుంది. అడుగున పొట్ట ఉబ్బి ఉంటే లోపల బూడిద పేరుకుంది. మన బొగ్గులో బూడిద మహా ఎక్కువ, తడి తగిలితే గడ్డకడుతుంది. దాన్ని తవ్వి తీయకుండా కొత్త గుడ్డ కడితే, డక్టు కదిలినప్పుడు ఆ గడ్డే దాన్ని మళ్లీ చించేస్తుంది.

ఇక అతుకు. కొత్త పట్టీని డక్టు చుట్టూ తిప్పి రెండు కొసలూ అక్కడే కలపాలి. ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు పడకుండా మెట్లుమెట్లుగా జరుపుతాడు. బూడిద, చెమ్మ చేరే అడుగుభాగంలో అతుకు రానివ్వడు. బయటి పొర కొసల మధ్య పల్చటి టెఫ్లాన్ ఫిల్మ్ పెట్టి ఇస్త్రీలాంటి వేడి పనిముట్టుతో అదుముతాడు. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడి అంతకు తగ్గితే అతకదు, మరీ మించితే విషపు పొగ వస్తుంది. ఆ సన్నని హద్దులో చెయ్యి నిలకడగా సాగడం చూడాలి! చల్లారాక అంచును గోటితో లేపి చూస్తాడు, లేస్తే మళ్లీ మొదలు.

బిగించేటప్పుడు గుడ్డను లాగిపట్టడు. వేడి డక్టులో సందు మూసుకుని ఉంటుంది, చల్లారితే తెరుచుకుంటుంది. వేడి మీద కొలిచి బిగుతుగా కట్టిన గుడ్డ యూనిట్ ఆగిన రోజే చిరుగుతుంది. అందుకని డ్రాయింగులోని చల్లటి కొలత చూసి, పైన కొంత వదులు ఉంచుతాడు. గుడ్డను డక్టుకు అదిమిపట్టే పట్టీల అంచులు దాన్ని కోయకుండా ఆకురాయితో నున్నగా చేస్తాడు. బోల్టులన్నీ కొంచెం కొంచెంగా, సమానంగా బిగిస్తాడు.

బాయిలర్ వెలిగించి డక్టు వేడెక్కాక, పానా పట్టుకుని మళ్లీ వస్తాడు. మొదటి వేడికి గుడ్డ అణిగి నట్లు వదులవుతాయి. వాటిని ఒక్కొక్కటే బిగిస్తూ, ఈల ఎక్కడైనా మిగిలిందేమోనని చెవి ఒగ్గి వింటాడు.